కూర వద్దన్న ఇంట్లో పుట్టగొడుగు క్యాప్సూళ్లు

పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పట్టణం నుంచి నలభై ఆరేళ్ల గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం పొడవుగా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె భర్తకు యాభై మూడేళ్లు. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతారు. తొమ్మిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. కిందటి ఏడాది దసరాకు ముందు గుండెపోటు వస్తే రెండు స్టెంట్లు వేశారు. అప్పటి నుంచి మనిషి మారిపోయారని ఆమె రాశారు. అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. ఎడమ చెయ్యి కాస్త లాగినా చెమటలు పట్టేస్తాయి. తోడల్లుడు ఒక ధ్యాన బృందానికి తీసుకెళ్తే అక్కడ చేరారు. నిద్ర పట్టింది, కోపం తగ్గింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఆ బృందంలో ఒక పెద్దమనిషి గానోడెర్మా అనే పుట్టగొడుగుతో చేసిన క్యాప్సూళ్లు, కాఫీ పొడి అమ్ముతారు. షుగర్‌ని వేళ్లతో సహా తీసేస్తుందనీ, నాడులు శుద్ధి అయి ధ్యానం త్వరగా కుదురుతుందనీ, ఋషులు తాగిన సోమరసం ఇదేననీ ఆయన చెప్పారట. భర్త నాలుగు నెలలుగా ఇవి వాడుతూ షుగర్ మాత్ర మానేశారు. కొలెస్ట్రాల్ మాత్ర ‘కెమికల్’ అని పక్కన పెట్టారు. రక్తం పలచబడే మాత్రలు మాత్రం వేసుకుంటున్నారు గానీ, వారంలో రెండు మూడు రోజులు మర్చిపోతున్నారు. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 7.2 ఉన్నది 9.6 అయింది. అడిగితే ‘లోపలి విషం బయటికి పోయేటప్పుడు అలాగే పెరుగుతుంది’ అన్నది ఆ పెద్దమనిషి జవాబు. ఈలోగా భర్త ఆ సరుకుకు డిస్ట్రిబ్యూటర్‌గా కూడా చేరి అరవై వేల రూపాయల సరుకు తెచ్చి బీరువాలో పెట్టారు. సంక్రాంతి తర్వాత బృందంలో కొందరు కొడైకెనాల్ వెళ్లి ‘ప్రత్యేకమైన పుట్టగొడుగులు’ తిని ధ్యానం చేస్తారట. ఈయన కూడా వెళ్తానంటున్నారు.

మరోవైపు, బీటెక్ చదువుతున్న కూతురికి విటమిన్ డి బాగా తక్కువగా ఉందన్నారు. ఆ అమ్మాయి సెలవులకు వస్తూ ఒక పుట్టగొడుగుల ప్యాకెట్ తెచ్చింది. మడి, ఏకాదశి వ్రతాలు పాటించే అత్తగారు ‘దేవుడి మందిరం ఉన్న ఇంట్లో కుక్కగొడుగులా’ అని దాన్ని పారేయించారు. కొడుకు మింగే క్యాప్సూళ్లలో ఉన్నదీ పుట్టగొడుగేనని ఆవిడకి తెలియదు.

ఉత్తరం చివర్లో ప్రశ్నలు ఇవి: పుట్టగొడుగు మంచిదా, చెడ్డదా? సాత్వికమా, తామసికమా? షుగర్ మాత్ర పొడి చేసి మజ్జిగలో కలిపి ఇచ్చేయనా? అత్తయ్య గారికి నిజం చెప్పేయనా?

*

అమ్మా, మీ ప్రశ్నల్లో లేని విషయంతోనే మొదలుపెట్టాలి. మీరు ఉత్తరంలో మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంగా రాసిన సంగతి, ఆయన రక్తం పలచబడే మాత్రలు మర్చిపోతున్నారన్నది, మిగతా అన్నిటికంటే అత్యవసరం. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన లోహపు జల్లెడ గొట్టం. దాని మీద రక్తం గడ్డకట్టకుండా కాపలా కాసేవి ఆ మాత్రలే. వాటిలో ఏది ఎంతకాలం వాడాలో గుండె డాక్టర్ నిర్ణయిస్తారు. ఆయన మానమనేదాకా ఒక్కరోజు కూడా తప్పకూడదు. స్టెంట్‌లో గడ్డ కడితే అది మళ్లీ గుండెపోటే. మందుల షాపులో వారం రోజులకు గదులున్న ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. ఆదివారం రాత్రి మీరూ ఆయనా కూర్చుని నింపండి. ఈ మాత్రల గురించి ఆయనకు గొడవేమీ లేదు, మర్చిపోతున్నారంతే. కాబట్టి వాదన లేకుండా ఈరోజే చేయగలిగిన పని ఇది.

రెండోది కూడా ఈ వారంలోనే కావాలి. క్యాప్సూళ్లు వాడుతున్న సంగతి గుండె డాక్టర్‌కి తెలియాలి. గానోడెర్మాకి రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించే లక్షణం ఉండవచ్చు. రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చని డాక్టర్లు హెచ్చరిస్తారు. చిగుళ్ల నుంచి రక్తం, తగలకుండానే ఒంటి మీద నీలం మచ్చలు, తారులా నల్లటి విరేచనం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెళ్లిపోండి. గానోడెర్మా పొడి వాడినవాళ్లలో అరుదుగా కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. అందుకని లివర్ పరీక్ష అవసరమా అని కూడా అడగండి.

ఇక మజ్జిగ సంగతి. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. కళ్లముందు మనిషి చేయిజారిపోతుంటే ఏ భార్యకైనా వస్తుంది. కానీ ఆ పని చేయకండి. షుగర్ మాత్రల్లో చాలావాటిని గంటల తరబడి కొంచెం కొంచెంగా కరిగేలా తయారుచేస్తారు. పొడి చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. రేపు ఆయనే మనసు మార్చుకుని మీకు చెప్పకుండా మాత్ర మొదలుపెడితే మోతాదు రెట్టింపవుతుంది. ఇంకో చిక్కు ఉంది. మీ మజ్జిగ వల్ల షుగర్ తగ్గితే, ఆ పేరు క్యాప్సూల్‌కి పోతుంది. ‘చూశావా, పనిచేసింది’ అని కొలెస్ట్రాల్ మాత్రతో పాటు మిగతావీ మానేస్తారు. ఎప్పుడో ఒకరోజు మజ్జిగ గుట్టు బయటపడితే, ఆయన మీ చేతి అన్నాన్ని కూడా అనుమానంగా చూస్తారు.

గానోడెర్మా గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇది మోసగాళ్లు కల్పించిన వస్తువు కాదు. చైనాలో లింగ్‌జీ, జపాన్‌లో రెయిషి అని దీన్ని ఎన్నో శతాబ్దాలుగా గౌరవిస్తున్నారు. ఆయుష్షు పెంచుతుందని అక్కడి పాత వైద్య గ్రంథాలు చెబుతాయి. మెత్తగా ఉండే కూర పుట్టగొడుగు కాదిది. చెట్టు మొదలుకు చెక్కలా అంటుకుని, పైన వార్నిష్ వేసినట్టు మెరుస్తూ పెరుగుతుంది. చేదుగా ఉంటుంది, నమిలి తినలేరు. అసలు మీవారికి ఈ పేరు మనకంటే బాగా తెలిసుండాలి. కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రటి బంక కారుతోందని రైతు వచ్చినప్పుడు ‘గానోడెర్మా తెగులు’ అని చెప్పి, వేరు ద్వారా ఎక్కించే మందు, వేపపిండితో కలిపి వేసే ట్రైకోడెర్మా ఇచ్చేది ఆయన షాపులోనే కదా. అదే జాతి శిలీంధ్రం ఇది. ఆ మాట ఎగతాళిగా అనకండి. ఆయనకు పరిచయమున్న చోటు నుంచి సంభాషణ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. కొబ్బరిచెట్టు మొదట్లోది కోసి కషాయం కాయాలనే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి.

పుట్టగొడుగుల్లో మందుగుణం లేదని వాదించినా మీరు ఓడిపోతారు, ఎందుకంటే ఉంది. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను జపాన్ 1985లో కడుపు క్యాన్సర్ చికిత్సకు తోడుగా అనుమతించింది. అయితే దాన్ని శుద్ధి చేసి, మోతాదు కట్టి, ఇంజెక్షన్‌గా ఆసుపత్రిలో, కీమోథెరపీతో పాటు ఇచ్చేవారు. కీమోకి బదులుగా ఇచ్చేవారు కాదు. షుగర్ విషయానికొస్తే, వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2015లో గానోడెర్మా మీద సమీక్ష చేసింది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి దీన్ని వాడమని చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. సరిగ్గా మీవారి పరిస్థితే అది. 9.6 చెబుతున్నది కూడా అదే. ‘విషం బయటికి పోతోంది’ అనే జవాబులో ఉన్న ప్రమాదం ఏమిటంటే, షుగర్ తగ్గితే క్యాప్సూల్ గొప్పతనం, పెరిగితే కూడా క్యాప్సూల్ గొప్పతనమే అవుతుంది. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని మాట అది. ఆయన వ్యాపారి. కంపెనీ ప్రతినిధి వచ్చి ‘మా మందు కొడితే పురుగు పెరుగుతుంది, పెరిగితేనే పనిచేస్తున్నట్టు’ అంటే ఆ సరుకు షాపులో పెట్టుకుంటారా అని మెల్లగా అడిగి చూడండి.

‘కెమికల్’ అన్న మాటకి కూడా మీ దగ్గర సమాధానం ఉండాలి. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేలాది బూజు నమూనాలను పరీక్షించి, కొలెస్ట్రాల్ తగ్గించే మొదటి స్టాటిన్‌ని ఒక పెన్సిలియం బూజులో కనిపెట్టారు. ఈరోజు మీ డాక్టర్ రాసే కొలెస్ట్రాల్ మాత్రల వంశం అక్కడ మొదలైంది. బూజు, పుట్టగొడుగు రెండూ శిలీంధ్రాలే. షుగర్‌కి ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ మూలం కూడా యూరప్‌లో పెరిగే ఒక పూలమొక్కలోని పదార్థమే. ప్రకృతి మీద ఆయనకున్న నమ్మకాన్ని మీరు పడగొట్టక్కర్లేదు. ఆయన పక్కన పెట్టిన మాత్రలు కూడా ఆ ప్రకృతిలోంచే వచ్చాయి. కాకపోతే ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలో లెక్క తేలినవి అవి.

ఇవన్నీ చెప్పాను గానీ, సమాచారం లేకే ఆయన ఇలా చేస్తున్నారని నేననుకోవడం లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట, అర్ధరాత్రి లేచి కూర్చోవడం. గుండెపోటు తర్వాత డాక్టర్ గుండెకి వైద్యం చేసి పంపించారు. భయానికి ఎవరూ చేయలేదు. స్టెంట్ వేయించుకున్న మగవాళ్లు ‘నాకు చచ్చిపోతానని భయంగా ఉంది’ అని మన ఇళ్లల్లో ఎవరికి చెప్పుకుంటారు? భార్య కంగారుపడుతుంది, తల్లి ఏడుస్తుంది, షాపులో కుర్రాళ్ల ముందు పరువు పోతుంది. రోజూ నాలుగు మాత్రలు వేసుకోవడం అంటే రోజూ నాలుగుసార్లు ‘నువ్వు రోగివి’ అని గుర్తుచేయించుకోవడమే. అలాంటి మనిషికి ఒకాయన ఎదురొచ్చి, నువ్వు రోగివి కాదు సాధకుడివి అన్నాడు. దాన్ని వదులుకోమనడం మామూలు కోరిక కాదు. గుండెపోటు తర్వాత దిగులు, ఆందోళన చాలామందికి వస్తాయి, వాటికి వైద్యం ఉంది. గుండె డాక్టర్‌తోనే మొదలుపెట్టి, అవసరమైతే సైకియాట్రిస్ట్‌ని కలవవచ్చు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ముందు మీరు చేసి, ఆయనతో ఎలా మాట్లాడాలో అడిగినా తప్పులేదు.

ఇప్పుడు ఆయనతో ఎలా అనేది చూద్దాం. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, గట్టిగా నిలబడటం. క్యాప్సూళ్లు పారేసి, బృందానికి వెళ్లొద్దని పట్టుబట్టడం. కొన్ని ఇళ్లల్లో ఇది పనిచేస్తుంది. మీ ఇంట్లో పనిచేయదని నా అభిప్రాయం. ఆయనకు నిద్ర తెచ్చిపెట్టింది ఆ ధ్యానమే. దాన్నీ క్యాప్సూల్‌నీ ఒకే మూట కట్టి విసిరేస్తే, ఆయన ఆ మూటనే పట్టుకుని మీకు దూరమవుతారు. షాపులో దాచుకుని వాడతారు, మీకు తెలిసే అవకాశం కూడా పోతుంది.

రెండోది, పరీక్షకు ఒప్పందం. ‘క్యాప్సూళ్ల మీద గొడవ పెట్టను. డాక్టర్ ఒప్పుకుంటే వేసుకోండి. కానీ డాక్టర్ రాసిన మాత్రలు కూడా వేసుకోండి, మూడు నెలల తర్వాత పరీక్ష చేయిద్దాం’ అనడం. ఆయన పరువు నిలుస్తుంది, షుగర్ అదుపులోకి వస్తుంది. కష్టమేమిటంటే, తగ్గిన షుగర్‌కి కారణం ఎవరన్న వాదన మిగిలిపోతుంది. మిగలనివ్వండి. గుండెకీ కిడ్నీలకీ ఆ వాదనతో పనిలేదు. ఒక్క షరతు మాత్రం వదలకండి. నాలుగు నెలలు మానేసిన మాత్రని తనంతట తాను మళ్లీ పాత మోతాదులో మొదలుపెట్టకూడదు, బీపీ, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే చెప్పాలి. డాక్టర్ క్యాప్సూళ్లు వద్దంటే, ఆ ‘వద్దు’ మీ నోటి నుంచి కాకుండా డాక్టర్ నోటి నుంచి రావడమే మేలు.

మూడోది, మధ్యవర్తి. ఆయన్ని బృందానికి తీసుకెళ్లిన మీ చెల్లెలి భర్తే దీనికి తగినవాడు. ఆ పెద్దమనిషి సరుకు ఆయన కూడా కొంటున్నారో లేదో ముందు కనుక్కోండి. కొనకపోతే, ధ్యానం మంచిదని నమ్ముతూనే మాత్రలు వేసుకునే మనిషి ఒకరు బృందంలోనే ఉన్నట్టు. మీరు వంద చెప్పిన దానికంటే ఆయన ఒక్క మాట బరువుగా ఉంటుంది. ఆయన కూడా డిస్ట్రిబ్యూటరే అయితే ఈ దారి మూసుకుపోయింది, చెల్లెలి కాపురంలోకి కూడా గొడవ పాకుతుంది.

నన్నడిగితే రెండోదానికి మూడోది తోడు చేసుకోమంటాను. నిర్ణయం మీది, ఆయన స్వభావం మీకే తెలుసు.

సోమరసం మాట కొస్తాను, ఎందుకంటే ఆయన మనసుని పట్టేసింది అదే. సోమం పుట్టగొడుగు అనే వాదన నిజంగానే ఒకటుంది. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ 1968లో దాన్ని లోకం ముందు పెట్టారు. అయితే ఆయన చెప్పింది ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే విషపు పుట్టగొడుగు గురించి. గానోడెర్మాకి ఆ వాదనతో సంబంధం లేదు. ఎర్ర టోపీ వాదననే చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఋగ్వేదం తొమ్మిదో మండలమంతా సోమం గురించే. కాడలను రాళ్లతో నూరి, ఉన్ని వడపోతలో వడగట్టి, పాలు కలపడం అందులో కనిపిస్తుంది. అది ఎఫిడ్రా అనే మొక్క అయివుంటుందని చాలామంది అంటారు. తేలని విషయాన్ని తేలినట్టు చెప్పి, సీసా మీద ఋషుల పేరు అంటించి అమ్మడం వేదాన్ని గౌరవించడం కాదు.

కొడైకెనాల్‌లో తినబోయేవి మాత్రం వేరు. అవి సిలోసైబిన్ ఉన్న పుట్టగొడుగులు, మనసుని కొన్ని గంటలపాటు తలకిందులు చేస్తాయి. వాటికి ఆధ్యాత్మిక చరిత్ర లేదనను. మెక్సికోలోని వాహాకా కొండల్లో మసటెక్ ప్రజలు రాత్రిపూట పాటలతో, ప్రార్థనతో వాటిని వాడేవారు. మరియా సబీనా అనే వైద్యురాలి దగ్గర వాసన్ 1955లో ఆ పూజలో కూర్చుని, 1957లో పత్రికలో రాశారు. తర్వాత అనుభవం కోసం విదేశీయులు ఆ ఊరికి పోటెత్తారు. ఊళ్లో ఎవరో ఆవిడ ఇల్లు తగలబెట్టారు. తమ ఆచారంలో వీటిని తినేది రోగులకు నయం చేయడానికేననీ, దేవుణ్ని వెతుక్కోవడానికి వచ్చినవాళ్లతో వాటి శక్తి పోయిందనీ ఆవిడ తర్వాత బాధపడ్డారు. ఈనాడు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల దిగులు జబ్బుకి, మరణభయానికి సిలోసైబిన్‌తో గంభీరమైన పరిశోధన జరుగుతోంది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు కొందరు రోగులకు ఇవ్వవచ్చు. కానీ ఆ పరిశోధనల్లో ముందు రోగిని వడపోస్తారు. సిలోసైబిన్ రక్తపోటుని, గుండె వేగాన్ని పెంచుతుంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లని సాధారణంగా తీసుకోరు. మీవారు వెళ్లి అడిగినా వాళ్లు చేర్చుకోని మనిషి. కొండ మీద ఒక గదిలో, మోతాదు ఎంతో తెలియకుండా, పక్కన డాక్టర్ లేకుండా తినడం ఆయన గుండెకి చాలా ప్రమాదం. పైగా సిలోసైబిన్ మత్తుమందులను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో ఉంది. పట్టుబడితే కేసు. ఎరువుల లైసెన్సుతో బతికే కుటుంబానికి ఆ చిక్కు ఎంత దూరం పోతుందో ఆయనకు చెప్పక్కర్లేదు. మిగతా విషయాల్లో ఒప్పందాలు, సర్దుబాట్లు అన్నాను. ఇందులో మాత్రం సర్దుబాటు వద్దు. అదే సమయానికి ఆయన్ని ఇంకో చోటికి బయల్దేరదీయగలిగితే మంచిది, అరుణాచలమో, ఆయన మనసు నిలిచే మరో క్షేత్రమో.

అరవై వేల సరుకు విషయం త్వరగా చూడండి. నేరుగా అమ్మే కంపెనీలకు కేంద్రం 2021 డిసెంబరులో నియమాలు తెచ్చింది. చేరినప్పటి కాగితాల్లో సరుకు వాపసు షరతులు, గడువు ఉన్నాయేమో చదవండి. గడువు దాటకముందే రాతపూర్వకంగా అడగాలి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అలాగే డబ్బా తిప్పి చూడండి. ఇలాంటి ఆహార సప్లిమెంట్ల మీద ‘ఔషధంగా వాడటానికి కాదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉండాలని నిబంధన. షుగర్ నయం చేస్తుందని ప్రకటన చేయడాన్ని మందుల ప్రకటనల మీద వచ్చిన 1954 నాటి చట్టం నిషేధించింది. ఇప్పటిదాకా ఆయన కొనుగోలుదారు. రేపు తన నోటితో ఇంకొకరికి ఆ మాట చెప్పి అమ్మితే, వాళ్లు మాత్రలు మానేస్తే, ఆ బాధ్యత ఆయన మీద పడుతుంది. ఆయన మంచి మనిషని మీ ఉత్తరం చెబుతోంది. ఈ ఒక్క సంగతి ఆయన్ని కదిలిస్తుందని నా నమ్మకం.

ఇక వంటింటి సంగతి. అత్తగారి మాట మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడనివాటిలో వెల్లుల్లి, ఉల్లితో పాటు పుట్టగొడుగు కూడా ఉంది, అశుద్ధమైన చోట పుట్టినవాటితో కలిపి. చరకుడు పుట్టగొడుగులు చలువ చేస్తాయనీ, అరగడానికి బరువనీ, పడిశం తెస్తాయనీ అన్నాడు. సుశ్రుతుడు ఇంకా వివరంగా, వరిగడ్డి మీద, చెరకు మీద, పేడ మీద, వెదురు మీద, నేల మీద పుట్టినవని విడదీసి, గడ్డి మీద పుట్టినదాన్ని మెచ్చుకున్నాడు. భగవద్గీత పదిహేడో అధ్యాయం సాత్విక, రాజస, తామస ఆహారాలను రుచిని బట్టి, తాజాదనాన్ని బట్టి, గుణాన్ని బట్టి చెబుతుంది గానీ కూరగాయల పేర్ల జాబితా ఇవ్వదు. జార్ఖండ్‌లో శ్రావణమాసంలో మాంసం మానేసిన ఇళ్లల్లో, సాలవృక్షాల కింద దొరికే రుగ్డా అనే పుట్టగొడుగు ప్రత్యేకంగా వండుకుంటారు. కాబట్టి సాత్వికమా కాదా అన్నదానికి ఒక్క జవాబు లేదు, ఎవరి నియమం వాళ్లది. అత్తగారి నియమం ఆవిడ జీవితకాలపు సాధన. సుశ్రుతుణ్ని తెచ్చి ఆవిడ మీద గెలవాలని చూడకండి.

కానీ అడగవచ్చు. మార్కెట్‌లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగుల్ని గడ్డితో పాటు కోళ్ల ఎరువు కూడా కలిసిన కంపోస్టులో పెంచుతారు. ఆవిడ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఆయిస్టర్ అనే ముత్యపు చిప్ప రకాన్ని ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డి నింపిన సంచుల్లో పెంచుతారు, మన జిల్లాల్లోనే చాలామంది ఆడవాళ్లు ఇంటి దగ్గర పెంచుతున్నారు. వీలైతే ఆవిడకి ఒకసారి చూపించండి. అప్పటికీ వద్దంటే, వెనక వరండాలో వేరే పొయ్యి, వేరే మూకుడు, పూజలు లేని రోజుల్లో మాత్రమే అని అడగండి. అదీ వద్దంటే అమ్మాయి హాస్టల్లో తింటుంది, నష్టమేమీ లేదు. వంద గ్రాముల పచ్చి పుట్టగొడుగుల్లో ప్రొటీన్ మూడు గ్రాములే, ఒక కప్పు ముద్దపప్పులో అంతకు రెట్టింపు పైనే ఉంటుంది. బి12 కోసం వీటి మీద ఆధారపడకూడదు. విటమిన్ డి బాగా తగ్గినప్పుడు డాక్టర్ ఇచ్చిన మందే వాడాలి. ఆ తర్వాత పుట్టగొడుగు తోడవుతుంది. ముక్కలుగా కోసి, గొడుగు లోపలి మడతలు పైకి వచ్చేలా పళ్లెంలో పరిచి, మధ్యాహ్నపు ఎండలో అరగంట ఉంచితే వాటిలోని పదార్థం విటమిన్ డి2గా మారుతుంది. వండినా అది చాలావరకు నిలుస్తుంది.

వీటి వల్ల ఎక్కువ మేలు జరిగేది అమ్మాయికంటే మీవారికే. పిండిపదార్థం చాలా తక్కువ, సహజంగా ఉప్పు తక్కువ, పొటాషియం, పీచు ఉన్నాయి, వంద గ్రాములకు పాతిక కేలరీల లోపే. బంగాళదుంప వేపుడు బదులు వారానికి రెండుసార్లు ఈ కూర తింటే షుగర్ మనిషికి మంచిది. కిడ్నీ ఇబ్బంది గానీ, యూరిక్ యాసిడ్ గానీ ఉంటే డాక్టర్‌ని అడిగాకే. పచ్చివి తినకూడదు. మూకుడు బాగా కాలాక వేసి మూత పెట్టకుండా వండండి. ముందు నీరు వదులుతాయి, అది ఇగిరి అంచులు ఎర్రబడ్డాక కాస్త నూనె, కరివేపాకు, మిరియాల పొడి వేసి, ఉప్పు ఆఖర్న చల్లితే తక్కువ ఉప్పుతోనే రుచి వస్తుంది. వానలు పడ్డాక రోడ్డు పక్కన అమ్మే అడవి పుట్టగొడుగులు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అలాంటివి తిని పదమూడు మంది చనిపోయారు. ప్రాణం తీసే రకాల విషం ఉడికించినా పోదు.

చివరిగా, అత్తయ్య గారికి చెప్పాలా అన్నారు. మీరు చెబితే ఆవిడ కొడుకుని నిలదీస్తారు. క్యాప్సూళ్లు ఆగవచ్చు కూడా. కానీ ఆయన దృష్టిలో మీరు చాడీ చెప్పినవారవుతారు, ఆవిడ దృష్టిలో ఇన్నాళ్లు దాచినవారవుతారు. చెప్పకపోతే, అమ్మాయి ప్యాకెట్ పారేయించిన ఇంట్లో తండ్రికి మాత్రం మినహాయింపు ఉందని ఆ అమ్మాయి గమనిస్తూనే ఉంటుంది. అందుకని ముందు ఆయన్నే అడగండి: ‘అత్తయ్య గారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?’ ఎదురుగా కూర్చుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గొంతు పెంచకుండా. డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చిన రోజు సాయంత్రం అయితే ఇంకా నయం. అప్పటికి ఆయన చేతిలో డాక్టర్ చెప్పిన మాట ఉంటుంది, తల్లికి చెప్పుకోవడం తేలికవుతుంది. వెళ్లేటప్పుడు క్యాప్సూళ్ల డబ్బా, కాఫీ పొడి ప్యాకెట్, పాత రిపోర్టులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. ఏం జరిగిందో మళ్లీ రాయండి.